చెన్నైలో మునగ పెంచాలంటే: చెట్టుగా కాదు, పొదలా

చెన్నైలో ఇంటి వెనక కాస్త మట్టి మిగిలిన తెలుగు ఇళ్ళలో మునగ వేద్దామా వద్దా అన్న పంచాయితీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. పెద్దవాళ్ళు వద్దంటారు, ఇంటి ముందు మునగ ఉండకూడదంటారు, గొంగళి పురుగులంటారు, గాలికి విరిగి పడుతుందంటారు. వంట చేసేవాళ్ళు మాత్రం కావాలంటారు, ఎందుకంటే చలికాలంలో కోయంబేడు టోకు మార్కెట్‌లోనే మునక్కాయ ధర వింటే సాంబార్ మీద ఆశ పోతుంది. ఇద్దరిదీ నిజమే. పెద్దవాళ్ళు చెప్పే ఇబ్బందులన్నీ ఇరవై, ముప్ఫై అడుగులు పెరిగిన చెట్టుకి వర్తిస్తాయి. అదే మునగని ఏడాదికోసారి నడుం ఎత్తుకి నరికేస్తూ, మనిషి చేతికి అందే పొదలా ఉంచితే వాటిలో చాలావరకు ఉండనే ఉండవు. ఇక్కడ చెప్పేదంతా ఆ నరకడం చుట్టూనే తిరుగుతుంది, మిగతా పనులు మునగ తనంతట తానే చేసుకుంటుంది.

ముందు మొక్క ఎంపిక. చెన్నై నర్సరీల్లో రెండు మాటలు వినిపిస్తాయి: సెడి మురుంగై, మర మురుంగై. మొదటిది విత్తనం నుంచి వచ్చే రకం, ఆరు నెలల్లోపే పూత కనిపిస్తుంది, కొట్టేసిన కొద్దీ మళ్ళీ చిగురిస్తుంది. రెండోది మన ఊళ్ళలో కొమ్మ నరికి పాతితే వచ్చే పాతకాలపు చెట్టు. పొదలా పెంచడానికి మొదటిదే కావాలి, అందులోనూ పీకేఎం-1 అని అడగండి. తేని జిల్లా పెరియకుళంలో ఉన్న తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉద్యాన కళాశాల తయారుచేసిన రకం అది, పేరులో ఉన్నది ఆ ఊరే. కాయ సుమారు 65 నుంచి 70 సెంటీమీటర్ల పొడవు, కండ బాగా పడుతుంది. ఉద్యానశాఖ నర్సరీల్లోనూ, విత్తనాల దుకాణాల్లోనూ దొరుకుతుంది. ఊరి నుంచి బంధువులు తెచ్చిచ్చే కొమ్మ కూడా బతుకుతుంది, కాదనను, కానీ కొమ్మ నుంచి వచ్చినదానికి లోతుగా దిగే తల్లివేరు ఉండదు. తుపాను గాలి ఎలా ఉంటుందో తెలిసిన ఊళ్ళో అది చిన్న విషయం కాదు. 2016 డిసెంబర్‌లో వర్దా తుపాను వచ్చినప్పుడు ఈ నగరంలో ఎన్ని చెట్లు కూలాయో చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

విత్తనం అయితే తాజాదా కాదా చూసుకోండి. మునగ గింజకి మూడు పల్చటి రెక్కలుంటాయి, లోపల గింజ గట్టిగా నిండుగా ఉండాలి, నొక్కితే అణిగిపోయేది పనికిరాదు. ఏడాది దాటిన గింజలు సగానికి సగం మొలవకపోవచ్చు. రాత్రి నీళ్ళలో నానబెట్టి పొద్దున్నే వేలి కణుపు లోతున పెడితే వారం, రెండు వారాల్లో మొలుస్తుంది. వీలైతే ఎక్కడ పెంచాలనుకున్నారో అక్కడే విత్తండి. చిన్నప్పుడే ముల్లంగిలా ఊరిన వేరు కిందకి దిగుతుంది, కవర్లో ఎక్కువ కాలం ఉంచితే అది అడుగున చుట్టుకుపోతుంది. నర్సరీ మొక్క కొనేటట్టయితే పొడుగ్గా సాగిన దానికంటే అడుగు, అడుగున్నర ఎత్తున్నదే మంచిది, పొడుగు చూసి మోసపోకండి.

ఎప్పుడు వేయాలన్నదే చెన్నైలో అసలు సంగతి. హైదరాబాద్ లెక్క ఇక్కడ పనికిరాదు. ఈ నగరానికి ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ మధ్యే పడుతుంది, ఆ మూడు నెలల్లో లేత మొక్క పెడితే వేరు కుళ్ళిపోవడం దాదాపు ఖాయం. మునగ ఎండని తట్టుకుంటుంది, ఉప్పు కలిసిన బోరు నీళ్ళని కూడా కొంతవరకు భరిస్తుంది, మొదట్లో నీళ్ళు నిలవడాన్ని మాత్రం భరించదు. అందుకని సంక్రాంతి అయ్యాక వానలు వెనక్కి తగ్గినప్పుడు గానీ, జూన్, జూలైలో గానీ వేయండి. జనవరి చివర వేసిన మొక్కకి వానాకాలం వచ్చేసరికి వేళ్ళు బాగా దిగి ఉంటాయి కాబట్టి నా ఓటు దానికే, కాకపోతే మొదటి వేసవిలో నీళ్ళ విషయంలో బద్ధకించకూడదు.

మట్టి ఏ పేటలో ఎలా ఉందో మీకు తెలిసే ఉంటుంది. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వైపు సముద్రపు ఇసుక, మునగకి అది పండగే, ఎరువు కాస్త ఎక్కువ వేస్తే చాలు. వేళచ్చేరి, పళ్ళిక్కరణై వైపు చిత్తడి నేల, బంక మట్టి, అక్కడ గొయ్యి తీసి పెట్టారంటే ఆ గొయ్యి నవంబర్‌లో చిన్న చెరువు అవుతుంది. అలాంటి చోట గొయ్యి కాదు, దిబ్బ కావాలి. అడుగు, అడుగున్నర ఎత్తు మట్టి పోసి, ఇసుక కలిపి, దాని మీద నాటండి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకి రోజుల తరబడి నీళ్ళు నిలిచిన వీధులైతే దిబ్బ ఇంకాస్త పెంచినా తప్పులేదు. మామూలు నేలలో ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు ఉన్న గొయ్యి తీసి, బాగా మాగిన పశువుల ఎరువు ఒక బుట్టెడు, రెండు గుప్పెళ్ళు వేపపిండి కలిపి నింపితే సరిపోతుంది. ఎండ రోజంతా తగలాలి. అపార్ట్‌మెంట్ గోడల మధ్య సందులో పెడితే వెలుతురు కోసం సాగిపోతుంది తప్ప కాయదు. గోడకి ఎనిమిది, పది అడుగుల దూరం ఉంచండి, పైన కరెంటు తీగలు లేకుండా చూసుకోండి. ఒకటి కంటే ఎక్కువ వేస్తే మధ్యలో ఎనిమిది అడుగులు చాలు, తోటల్లో కూడా రెండున్నర మీటర్లకొకటి వేస్తారు. గేటు బయట వీధిలో మాత్రం నాటకండి. రేపు దాన్ని కొట్టాలన్నా నలుగురినీ అడగాలి, కాయ కాస్తే అది మీది కాదు.

మేడ మీద పెంచొచ్చా అని అందరూ అడుగుతారు. ఆకు కోసమైతే హాయిగా పెంచొచ్చు. నీలం ప్లాస్టిక్ డ్రమ్ముని సగానికి కోసి, అడుగున చిల్లులు పెట్టి, కంకర వేసి పెంచితే ఇంటికి సరిపడా ఆకు వస్తుంది. కాయల మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. వేరుకి చోటు చాలదు, పైగా పువ్వుల మీద వాలాల్సినవి కూడా వాలాలి. మునగ పూతకి ముఖ్యంగా పనికొచ్చేవి నల్లటి పెద్ద తుమ్మెదలు, చెక్కకి బొరియలు పెట్టే రకం. ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన పరిశీలనలోనూ ఈ తుమ్మెదలదే పెద్ద పాత్ర అని తేలింది. నేల మీద చెట్టుకైనా ఇది గుర్తుపెట్టుకోండి, పూత మీద పురుగుమందు కొడితే కాయ మీద ఆశ మీరే చంపుకున్నట్టు.

ఇక కత్తిరింపు. మొక్క రెండున్నర అడుగులు, అంటే 75 సెంటీమీటర్లు రాగానే తల తుంచేయండి. విత్తిన రెండు నెలలకి ఆ ఎత్తు వస్తుంది. చాలామందికి ఇక్కడే చెయ్యి రాదు, బాగా పెరుగుతోంది కదా ఇంకో నెల చూద్దాం అంటారు, అలా నెలలు గడిచేసరికి అది మేడ అంచు దాటుతుంది, ఆ తర్వాత పై కొమ్మలకి కాసిన కాయలు పక్కింటివాళ్ళకీ కాకులకీ తప్ప మీకు అందవు. తల తుంచితే పక్కల నుంచి నాలుగైదు కొమ్మలు వస్తాయి, అవి రెండడుగులు కాగానే వాటి కొసలు కూడా తుంచండి. తుంచినవి ఎలాగూ లేత ఆకే, ఆ పూట పప్పులోకి వెళ్తాయి. ఇలా రెండు మూడు సార్లు చేసేసరికి గొడుగులా విచ్చుకున్న పొద తయారవుతుంది, అందులో ఏ కాయైనా నేల మీద నిలబడి కోసుకోవచ్చు.

పెద్ద నరుకుడు ఏడాదికోసారి. తోటల రైతులు కాపు అయ్యాక నేల నుంచి 90 సెంటీమీటర్ల దగ్గర మొత్తం కొట్టేస్తారు, నాలుగైదు నెలల్లో మళ్ళీ కాపుకొస్తుంది. ఇంట్లో పెంచేవాళ్ళకి నేను చెప్పేది సెప్టెంబర్ చివర. ఒకటి, అక్టోబర్ నుంచి వచ్చే గాలివానకి విరగడానికి కొమ్మలే ఉండవు. రెండు, గొంగళి పురుగులు ఎక్కువయ్యే వానాకాలంలో చెట్టు మీ కళ్ళ ముందు, మీ చేతికి అందే ఎత్తులో ఉంటుంది. మూడు, వానల్లో పూత వస్తే ఎలాగూ రాలిపోతుంది కాబట్టి ఆ సమయాన్ని చిగుళ్ళు వేసుకోవడానికి వాడుకుని, జనవరి, ఫిబ్రవరిలో ఎండ పడ్డాక పూస్తుంది, వేసవి మొదలయ్యేసరికి కాయలు దిగుతాయి. కత్తితో ఒక్క వేటు వేయకండి, మునగ కొయ్య మెత్తన, బెరడు నిలువునా చీలిపోతుంది. రంపంతో, కొద్దిగా ఏటవాలుగా కొయ్యండి, అలాగైతే నీళ్ళు మీద నిలవవు. కోసిన చోట పేడ ముద్ద పెట్టే పద్ధతి పాతది, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ళ మందు పొడి నీళ్ళలో ముద్దలా కలిపి పూయడం ఇంకా నమ్మకమైనది. మొదటిసారి నరికాక మోడు చూసి ఇంట్లోవాళ్ళు తిడతారు, రెండు వారాలు ఓపిక పట్టమనండి.

నరికే పనికి చెట్టు ఎక్కాల్సిన అవసరం మాత్రం ఎప్పుడూ రాకూడదు. ఎవరినైనా పొగిడి పడేయడాన్ని మునగచెట్టు ఎక్కించడం అని మనవాళ్ళు ఊరికే అనలేదు, చెయ్యంత లావున్న కొమ్మ కూడా మనిషి బరువుకి పుటుక్కున విరుగుతుంది. పాత చెట్టు పొడుగ్గా ఉన్న ఇల్లు కొనుక్కున్నవాళ్ళు పని తెలిసిన మనిషిని పిలిచి, తాడు కట్టించి, పై నుంచి ముక్కలుగా దించుకుంటూ రండి.

గొంగళి పురుగుల గురించి వివరంగానే చెప్పాలి, ఎందుకంటే పక్కింటివాళ్ళతో గొడవలు వీటివల్లే. ఇక్కడ కంబళిపూచ్చి అంటారు. వీటి తల్లి చిమ్మటలు ఆకుల మీద, లేత కొమ్మల మీద గుంపులుగా గుడ్లు పెడతాయి, గుడ్లు పగిలి వచ్చిన పురుగులు రాత్రి పైకెక్కి ఆకు తింటాయి, పగలు మొదలు మీద ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని గొంగడి పరిచినట్టు కూర్చుంటాయి. ఆ పగటి అలవాటే వాటిని పట్టిస్తుంది. చిక్కటి సబ్బు నీళ్ళు స్ప్రేయర్‌లో నింపి ఆ గుంపు మీదే తడిసి ముద్దయ్యేలా కొట్టండి, కింద రాలినవాటిని చీపురుతో ఊడ్చి సబ్బు నీళ్ళ బకెట్‌లో వేయండి. పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా ఈ పని చేయకండి. ఊళ్ళలో కాగడా వెలిగించి కాలుస్తారు, ఇరుకు ఇళ్ళ మధ్య అది వద్దు, బెరడు కూడా మాడుతుంది. వానాకాలమంతా పది రోజులకోసారి లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి ఆకు అడుగున కొట్టడం, గుడ్లు కనిపించిన ఆకుని అక్కడే తుంచి పారేయడం, ఈ రెండూ చేస్తే గుంపు కట్టేదాకా రాదు. ఘాటైన పురుగుమందుల జోలికి పోవద్దు, రేపు ఆ ఆకే కదా తినేది. వెంట్రుకలు ఒంటికి తగిలితే గీరకుండా ముందు సెలోటేప్ అంటించి లాగండి, తర్వాత సబ్బుతో కడగండి. కంట్లో పడితే మాత్రం ఇంటి వైద్యం కాదు, డాక్టర్ దగ్గరికే.

కాయ మీద జిగురు కారి, కొస ఎండి, చీలి రాలిపోతుంటే అది కాయ ఈగ పని. రాలిన కాయల్ని చెట్టు కింద వదలకుండా ఏరి కవర్లో కట్టి పడేయండి, చెట్టు కింద మట్టి అప్పుడప్పుడు గుల్ల చేయండి. పూత మొత్తం రాలిపోతుంటే ముందు నీళ్ళు ఎలా పోస్తున్నారో చూసుకోండి. బట్టలు ఉతికిన నీళ్ళు, ఏసీ నీళ్ళు అన్నీ ఆ పాదులోకే మళ్ళించే ఇళ్ళలో ఆకు దట్టంగా ఉంటుంది, కాయ ఉండదు. వేళ్ళు దిగిన చెట్టుకి వారానికోసారి నీళ్ళు చాలు, పూతకి ముందు ఇంకాస్త ఎండగట్టినా పర్వాలేదు, కాయ కట్టాక మాత్రం ఆపకండి. యూరియా లాంటివి ఎక్కువ వేసినా ఇదే జరుగుతుంది.

ఈ మునగ ఒంటరిది కాదు, కానీ చుట్టాలు తక్కువ. మొరింగేసీ అనే కుటుంబంలో ఉన్నది ఒకే ప్రజాతి, అందులో 13 జాతులు. మన తోటలోది హిమాలయాల అడుగున వాయవ్య ప్రాంతం నుంచి వచ్చింది. ఇంకొకటి అడవి మునగ, మన పొడి కొండల్లో పెరుగుతుంది, బెరడు గరుకుగా బీటలు వారి ఉంటుంది. మిగతావి ఎక్కువగా ఆఫ్రికా కొమ్ము అని పిలిచే ఆ ఖండపు తూర్పు కొస వైపు, అక్కడ నేలలో దుంప పెట్టుకుని పైకి చిన్న పొదలా వచ్చే రకాలు కూడా ఉన్నాయి. మడగాస్కర్‌లో సీసాలా ఉబ్బిన మొదలున్న రకాలున్నాయి, వాటిని కుండీల్లో ముచ్చటగా పెంచేవాళ్ళున్నారు. ఇథియోపియాలో పెద్దాకు మునగని కూరాకుగా తింటారు. ఇవేవీ చెన్నై ఇంటికి అవసరం లేదు, ఆన్‌లైన్‌లో ఆఫ్రికా మునగ విత్తనాలంటూ అమ్మేవాళ్ళకి డబ్బు పోయకండి. కుటుంబం సంగతి ఎందుకు చెప్పానంటే, ఆవ, బొప్పాయి కూడా దీనికి దూరపు బంధువులే. మునగ వేరు విరిస్తే వచ్చే ఘాటు వాసన ఆ ఆవ వంశానిదే. తెల్లవాళ్ళు ఆ వేరుని చట్నీలా వాడారు కానీ వేరులో, బెరడులో ఒంటికి పడని పదార్థాలున్నాయి, మీరు తినకండి, గర్భిణులు అసలే వద్దు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు రోజూ ఆకు తినేముందు డాక్టర్‌ని అడగడం మంచిది.

కోత గురించి. కాయ చూపుడువేలు లావు అయి, వంచితే వంగుతూ, పైన గింజల గడ్డలు తేలకముందే కోయాలి. ముదిరితే నార తప్ప ఏమీ మిగలదు. పొదలా పెంచితే దోటి కూడా అక్కర్లేదు, ఎప్పుడైనా పై కొమ్మకి ఒకటీ అరా ఉంటేనే దానితో పని. ఆకు కోసేటప్పుడు ముదురాకు వదిలి లేత కొమ్మ కొసలే తుంచండి, అది కత్తిరింపు కూడా అవుతుంది. ఆకు దూయడం విసుగనుకునేవాళ్ళకి ఇక్కడి మామీలు చెప్పే ఉపాయం ఒకటుంది: సాయంత్రం రెబ్బలన్నీ పాత నూలు చీరముక్కలో వదులుగా చుట్టి ఉంచితే పొద్దున్నకి దులిపితే చాలు, ఆకులు రాలిపోతాయి, ఈనెలు చేతిలో మిగులుతాయి. ఆషాఢంలో మునగాకు తినాలన్న మన ఆనవాయితీకి ఆ నెలలో పొద నిండుగానే ఉంటుంది. మునగాకు, తెలగపిండి కూర చేసుకోవాలనుకునే గోదావరివాళ్ళు ఇక్కడ తెలగపిండి దొరకదని బాధపడతారు. చెక్కు ఎణ్ణై అని బోర్డు ఉన్న గానుగ దుకాణంలో నూనె తీశాక మిగిలే నువ్వుల పిండి తినడానికి పనికొచ్చేది కావాలని గట్టిగా అడగండి, పశువుల దాణా బస్తాలోది వద్దు. పొడి చేసుకునేవాళ్ళు ఆకు కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పచ్చదనంతో పాటు విటమిన్లు కొన్ని పోతాయి, నీడలో ఆరినా సి విటమిన్ చాలావరకు మిగలదు, నారింజ కంటే ఏడు రెట్లు అని డబ్బా మీద రాసినవి చూసి మురిసిపోకండి.

ఒక కొమ్మ మీద రెండు మూడు మంచి కాయలు కోయకుండా వదిలేయండి. అవి గోధుమరంగుకి తిరిగి మూడు పలకలుగా చీలబోతున్నప్పుడు తీసి, గింజలు నీడలో ఆరబెట్టి, సీసాలో వేసుకుంటే వచ్చే జనవరికి విత్తనం సిద్ధం. చుట్టుపక్కల వేరే మునగలుంటే తుమ్మెదలు పుప్పొడి కలిపేస్తాయి కాబట్టి పిల్ల మొక్క తల్లిలాగే కాస్తుందని హామీ లేదు. అచ్చంగా అదే రకం కావాలంటే మళ్ళీ కొనడమే. మిగిలిన గింజల్ని దంచి బురద నీళ్ళలో కలిపితే మట్టి కిందికి దిగుతుంది, సూడాన్ పల్లెల్లో ఆడవాళ్ళు నైలు నీళ్ళని అలాగే తేర్చుకునేవాళ్ళు. గింజలోని మాంసకృత్తు మట్టి రేణువుల్ని అతికించి ముద్ద చేస్తుంది. వానాకాలంలో సంపులో నీళ్ళు మట్టిరంగుకి తిరిగితే మొక్కలకి, కడుక్కోవడానికి ఆ పద్ధతి పనికొస్తుంది, తాగాలంటే మాత్రం కాచి తాగాల్సిందే.